కాజాలవాడి సామాన్య కాలం

మా బావమరిది కాజాలు కుడతాడు. అంటే చొక్కాకి, కోటుకి బొత్తాం దూరడానికి చిన్న గాటు పెట్టి, ఆ గాటు చుట్టూ దారంతో అల్లుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. వయసు నలభై ఆరు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, పేరు కూడా లేనట్టే. దుకాణంలో అందరూ ‘కాజాలు’ అని పిలుస్తారు, వాడు పలుకుతాడు. ఇలాంటివాడి గురించి చెప్పడానికి ఏముంటుందని మీకు అనిపిస్తే తప్పు మీది కాదు. నాకూ అలాగే అనిపించేది.

నేను అదే దుకాణంలో కటింగ్ మాస్టర్ని. వాడి అక్కని చేసుకున్నాను. చేసుకున్న పాపానికి వాణ్ణి తెచ్చి పనిలో పెట్టించాను.

మాది పొడుగాటి గది. వీధివైపు అద్దం, ఆ అద్దం పక్కన నా బల్ల. వెలుతురంతా నాదే. మధ్యలో రెండు మిషన్లు, వాటి వెనక ఇస్త్రీ బల్ల, అన్నిటికీ చివర, మరుగుదొడ్డి తలుపుని ఆనుకుని, ఒక ట్యూబ్‌లైటు కింద కాజాలవాడి స్టూలు. గుడ్డ నా దగ్గర మొదలై వాడి దగ్గర ఆగుతుంది. నేను కోస్తాను, మిషన్ల వాళ్ళు కుడతారు, చివరికి వాడు గాట్లు పెడతాడు. దుకాణంలో ఎవడు తప్పు చేసినా అది తిరిగి తిరిగి వాడి ఒళ్ళోకే వచ్చి పడుతుంది. ఎడమ ముక్క పొడుగై కుడి ముక్క పొట్టిదైతే బొత్తాలూ కాజాలూ కలవవు కదా. అప్పుడు వాడు గొణుగుతాడు. ఆ గొణుగుడు పొద్దస్తమానం చెవిలో జోరీగలా ఉండేది. దారం మీద గొణుగుడు, సూది మీద గొణుగుడు, దేవుడి మీద కూడా గొణుగుడే. పెద్దగా అరిచే ధైర్యం మాత్రం లేదు. అలాంటి మనిషంటే నాకు మొదట్నుంచీ చిరాకు. తిడితే తిట్టు, లేకపోతే నోరు మూసుకో!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే ముందు జరగబోయేది మీకు అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను, నాకేదో చెప్పాలని ఉబలాటం ఉండి కాదు.

పదకొండేళ్ళ కిందట ఒక జడ్జిగారి కోటు వచ్చింది. నల్లటి ఉన్ని గుడ్డ, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేది. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు ఉండాలి. సుద్దతో గుర్తు పెట్టే పని నాది. ఆ రోజు తొందరలో కోటుని బోర్లా వేసి గుర్తులు పెట్టాను. తిరగేసేసరికి ఎడమ కాస్తా కుడి అయింది. కాజాలవాడు కోటు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“బావా, గుర్తు కుడివైపుందేంటి?”

“నాకు నేర్పొచ్చావా? చెప్పింది చెయ్యి” అన్నాను, కనీసం తలెత్తి చూడకుండా.

వాడు కోశాడు. కాజా ఒకసారి కోశాక మళ్ళీ అతుక్కోదు. మా యజమాని, మేం పెద్దాయన అంటాం, ఆ కోటు చూసి నోరు వెళ్ళబెట్టాడు. “ఎవరి పని ఇది?” అన్నాడు. నేను కోటు అందుకుని, పరిశీలిస్తున్నట్టు నటిస్తూ, బొటనవేలితో సుద్ద గుర్తులు తుడిచేశాను. “వీడే సార్, కుడీ ఎడమా చూసుకోకుండా కోసేశాడు” అన్నాను. ఆ నెలలోనే పెద్దాయన వాణ్ణి నా పక్కన కటింగ్‌కి కూర్చోబెడదాం అనుకుంటున్నాడు. చేయి బాగుందని నాతోనే అన్నాడు. కోటు తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా వాడు కటింగ్ కత్తెర ముట్టుకోకూడదని అందరి ముందూ చెప్పాడు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. అందుకే కాబోలు, వాడు నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా స్టూలు దగ్గరికి పోయాడు. గొణుగుడు ఆ రోజే మొదలైంది. మా ఇంట్లో భోజనం చేయడం కూడా ఆ రోజే మానేశాడు.

అప్పట్నుంచీ వాణ్ణి చూస్తే నాకు అసహ్యం. మీరేమన్నా అనుకోండి. నిజం తెలిసీ చెప్పలేనివాణ్ణి మనిషని ఎలా అనుకోను? చెప్పి ఉంటే నా బల్ల పోయేది, అది వేరే సంగతి.

ఇక ఈ సంవత్సరానికి వస్తాను. ఈస్టర్ అయిన ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం, కాజాలవాడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖం కడిగిన గిన్నెలా ఉంది.

“బావా, మన కాలం మొదలైంది.”

“ఏ కాలం?”

“సామాన్య కాలం. ఫాదరుగారు నిన్న చెప్పారు. క్యాలెండర్లో కూడా రాసుంది.”

నేను చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వెళతాను. నేనే కుట్టుకున్న కోటు వేసుకుని, ముందు వరసలో కూర్చుంటాను. మిగతా ఆదివారాలతో నాకు పని లేదు. అందులోనూ పెంతెకొస్తు తర్వాత నవంబరు చివరిదాకా సాగే ఆరు నెలలుంటాయే, అంతకంటే చప్పటి కాలం ఇంకోటి లేదు. ఫాదరుగారు వారం వారం అదే పచ్చ వస్త్రం వేసుకుంటారు. పువ్వులుండవు, కొత్త పాటలుండవు, పాడేవాళ్ళు సగం మంది రారు. ‘సామాన్య కాలపు పద్నాలుగవ ఆదివారం’, ‘సామాన్య కాలపు పదిహేనవ ఆదివారం’ అని చదువుతుంటే రైల్వే స్టేషన్లో ఆలస్యంగా వచ్చే బళ్ళ గురించి చెప్పినట్టుంటుంది. దానికి వీడి ముఖంలో ఈ వెలుగేంటి?

“అయితే?” అన్నాను.

“సామాన్య కాలమంటే సామాన్యుల కాలం కదా బావా. క్రిస్మస్‌కి పెద్దోళ్ళ హడావిడి, ఈస్టర్‌కి పాటలోళ్ళ హడావిడి. మనలాంటోళ్ళకి సందు దొరకదు. ఇప్పుడు ఎవరికీ ఏ పనీ లేదు. అంటే దేవుడు ఖాళీగా ఉంటాడు. మన వంతన్నమాట.”

నేను నవ్విన నవ్వుకి మిషన్ల మీదున్న ఇద్దరూ పని ఆపి చూశారు. “ఒరేయ్, వినండ్రా! దేవుడు ఖాళీగా ఉన్నాడంట, వీడి కోసం!” అన్నాను. తర్వాత విడమరిచి చెప్పాను. సామాన్యుల కాలం కాదురా మొద్దూ, సామాన్య కాలం. అంటే పండగలేవీ లేని మామూలు రోజులు. ఏమీ జరగని రోజులు. నీకోసం ఎవరూ కేటాయించలేదు.

వాడు బుర్ర గోక్కున్నాడు. “సరేలే బావా. ఏమీ లేనోళ్ళకి ఏమీ లేని రోజులైనా చాలు” అన్నాడు. “ఈ కాలమయ్యేలోగా ఒక పని చెయ్యాలనుకున్నా. ఒక్కటే.”

“ఏంటో ఆ ఘనకార్యం?”

“చెప్పను” అని స్టూలు దగ్గరికి పోయాడు.

ఆ రోజు నుంచి వీడికి భక్తి ముదిరింది. పొద్దున్నే చర్చిలో ఆరింటి పూజకి వెళ్ళడం, అటునుంచి అటే దుకాణానికి వచ్చి తలుపు తీయడం. తాళంచెవి ఎలాగూ వాడి దగ్గరే ఉండేది, ఊడ్చే పని వాడిదే కాబట్టి. ఆరింటి పూజకి ఎవరొస్తారనుకున్నారు? నిద్రపట్టని ముసలమ్మలు నలుగురు. వాళ్ళ మధ్య వీడు ఐదో ముసలమ్మ.

గొణుగుడు తగ్గింది. ఒక్కసారిగా పోలేదు, నెమ్మదిగా. మొదట మధ్యాహ్నం వరకూ ఆపుకునేవాడు, తర్వాత మళ్ళీ మొదలయ్యేది. ఒకరోజు నేనేదో అన్నాను, ‘పచ్చగుడ్డ స్వామీ’ అనో మరోటో, అంతే, బొత్తాల డబ్బా తీసి గోడకేసి కొట్టాడు. బొత్తాలు మిషన్ల కిందా ఇస్త్రీ బల్ల కిందా చెల్లాచెదురయ్యాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. “ఇదేనా నీ కాలం? దేవుడు చూస్తున్నాడురోయ్, ఖాళీగానే ఉన్నాడుగా!” అన్నాను. వాడు మోకాళ్ళ మీద పాక్కుంటూ బొత్తాలు ఏరుకున్నాడు. అన్నీ ఏరాక లేచి, “ఈ వారం పోయింది బావా. వచ్చే వారం చూద్దాం” అన్నాడు. అంతే. పరీక్ష తప్పినవాడు మళ్ళీ ఫీజు కట్టినట్టు.

ఆగస్టులో ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత. మా ఆవిడ కంగారులో గరిటె కింద పడేసింది. వాడు నా ఎదురుగా కూర్చుని కంచంలో పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. మంచినీళ్ళు రెండుసార్లు అడిగాడు. వెళ్ళిపోయాక మా ఆవిడ వంటింట్లో నిలబడి ఏడ్చింది.

“దేనికి ఆ ఏడుపు? తిని వెళ్ళాడంతేగా?” అన్నాను.

“వాడు మారుతున్నాడు. మీకు కనబడట్లేదు” అంది.

“నటన. నంగనాచి వేషాలు.”

“నటించడానికి వాడికేం తెలుసు? కాజాలు కుట్టడం తప్ప!” అని మండిపడి కంచం తీసుకుపోయింది.

కనబడట్లేదు అన్న మాట దగ్గర నేను చటుక్కున ముఖం తిప్పుకున్నాను. కారణం వేరే ఉంది. ఆ వేసవి నుంచి నాకు నిజంగానే కనబడటం లేదు. కుడికంటి ముందు మంచు పట్టినట్టుండేది. సుద్దతో గీత గీస్తే అది రెండు గీతలయ్యేది. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. కళ్ళు లేని కటింగ్ మాస్టర్ని పెద్దాయన ఒక్క పూట కూడా ఉంచుకోడు. బల్ల పోతే నేనేంటి? ముప్పై ఏళ్ళుగా ఆ బల్లే నేను. అందుకని వేళ్ళతో తడుముకుంటూ, అలవాటు మీద కోస్తున్నాను. మొదట్లో భయంగా ఉండేది, రేపో మాపో బట్టలు తిరిగొస్తాయని. రాలేదు. జూన్ పోయింది, జూలై పోయింది, ఒక్క చొక్కా తిరిగి రాలేదు. నా చేతికి కళ్ళతో పనేముంది అనుకున్నాను. గర్వంతో ఛాతీ ఉబ్బింది. కాజాలవాడు పూజల చుట్టూ తిరుగుతుంటే, చూడు, చేవ ఉన్నవాడికి ప్రార్థనలతో పని లేదు అనుకున్నాను.

అక్టోబరు మొదటి వారంలో ఒకరోజు తెల్లవారుజామునే మెలకువ వచ్చేసింది. ముందురోజు ఒక డాక్టరుగారి సూటు కోసి పెట్టాను. పంట్లాం నడుము కొలత రాసుకున్నది తప్పుగా చదివానేమోనని అనుమానం. మిషన్ల మీదికి వెళ్ళకముందే చూసుకుందామని ఏడున్నరకే దుకాణానికి వెళ్ళాను.

తలుపు దగ్గరగా వేసుంది. తోసి చూస్తే నా బల్ల దగ్గర కాజాలవాడు. మెడలో నా టేపు. చేతిలో నా కత్తెర. ముందురోజు నేను కోసి కట్టిపెట్టిన కట్టలన్నీ విప్పి బల్ల మీద పరిచాడు. ఎడమ ముక్క మీద కుడి ముక్క వేసి కొలుస్తున్నాడు. ఒకచోట ఆగి, సన్నటి అంచు ఒకటి కోసి పక్కన పడేశాడు. పక్కన అలాంటి ముక్కలు చిన్న కుప్పగా ఉన్నాయి. ఆ కుప్ప పక్కన డాక్టరుగారి పంట్లాం ఉంది, మిగిలిన గుడ్డలోంచి కొత్తగా కోసింది, గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నా బల్ల మీద నీకేం పనిరా?”

వాడు ఉలిక్కిపడి తిరిగాడు. కానీ కత్తెర కింద పెట్టలేదు.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను.

“జూన్ నుంచి బావా. పెంతెకొస్తు తర్వాతి వారం నుంచి. అప్పుడే రెండు చొక్కాలు అర అంగుళం తేడాతో నా దగ్గరికొచ్చాయి. నీ కళ్ళ వల్లేనని నాకు అర్థమైంది.”

“ఎవడ్రా నిన్ను దిద్దమన్నది? నీ దిక్కుమాలిన దయ నేనడిగానా? కాజాలు కుట్టుకునే వెధవ్వి, నువ్వు నన్ను దిద్దుతావా?”

ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయదగ్గవి కావు. నా అరుపులకి పైన ఉండే పెద్దాయన మెట్లు దిగి వచ్చాడు. బనీను మీదే ఉన్నాడు. మమ్మల్నిద్దర్నీ చూశాడు, బల్ల చూశాడు, తర్వాత కాజాలవాడి చేతిలో కత్తెర చూశాడు.

“కత్తెర ముట్టుకోవద్దన్నానా లేదా నిన్ను? ఆ జడ్జిగారి కోటు చాలలేదా? మాస్టరు కోసిన బట్టల మీద నీకేం పని? ఇన్నాళ్ళూ పోనీలే అని ఊరుకున్నా. ఇక ఇవాళ్టితో సరి, నడువు బయటికి.”

వాడు తలొంచుకుంటాడు, క్షమించండి సార్ అంటాడు, నా తప్పు నెత్తిన వేసుకుని సాధువులా వెళ్ళిపోతాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలాగే జరగాలని కోరుకున్నాను. అలా జరిగితే నా కళ్ళ సంగతి కూడా వాడితో పాటే బయటికి పోయేది.

వాడు తలొంచలేదు. వాదించనూ లేదు. “ఆయన్ని అడగండి సార్” అన్నాడు. అని నా వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ చూపులో బతిమాలడం లేదు. బెదిరింపు కూడా లేదు. ఉంటే ఎంత సుఖంగా ఉండేదో! బెదిరిస్తే తిరగబడేవాణ్ణి, బతిమాలితే చీదరించుకునేవాణ్ణి. వాడు ఊరికే ఆగాడు. తొందరేమీ లేనట్టు, నేను ఎంతసేపైనా తీసుకోవచ్చన్నట్టు. పెద్దాయన నా వైపు తిరిగాడు. ‘వీడే సార్’ అన్న మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. పదకొండేళ్ళ కిందట అన్న అదే మాట, అరిగిపోకుండా అలాగే ఉంది. ఛీ, ఇంతకంటే ఇంకో మాట చేతకాదా నాకు అనిపించింది. జీవితంలో మొదటిసారి నా మీద నాకు అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ వాడి మీద రుద్దుతూ వచ్చింది ఈ అసహ్యాన్నేనని అప్పుడు తెలిసింది.

“నాకు కుడికన్ను కనబడట్లేదు సార్” అన్నాను. “నాలుగు నెలలుగా నేను తప్పులు కోస్తుంటే వీడు దిద్దుతున్నాడు. నాకు తెలియదు, ఇప్పుడే చూశాను.”

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆగితే మళ్ళీ నోరు రాదని నేనే అడ్డం పడ్డాను. “ఆ కోటు కూడా నేనే పాడుచేశాను. గుర్తు తప్పు పెట్టింది నేను. వీడు వచ్చి అడిగాడు కూడా. మీరు చూస్తుండగానే సుద్ద తుడిచేశాను.”

పెద్దాయన ఇస్త్రీ బల్లకి ఆనుకుని నిలబడిపోయాడు. చివరికి ఆయన కాజాలవాడితో, “అప్పుడే చెప్పకపోయావా?” అన్నాడు.

“చెప్పినా నమ్మేవారు కాదు సార్. తర్వాతేమో చెప్పాలన్నా నోట్లోంచి బూతులే వచ్చేవి. అందుకని ఊరుకున్నా.”

పెద్దాయన నా వైపు చూడకుండానే మాట్లాడాడు. “మాస్టరూ, నువ్వు కళ్ళు చూపించుకో. అంతవరకూ కత్తెర వాడి దగ్గరుంటుంది. తర్వాత సంగతి తర్వాత.” ఆ మాట అని మెట్లెక్కి పోయాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి ఎక్కాడు.

ఇద్దరం మిగిలాం. నేను వెళ్ళి కాజాలవాడి స్టూలు మీద కూలబడ్డాను. వేరే చోటు లేదు. అక్కడ కూర్చుంటే బయటి వెలుతురు ఎంత దూరంగా కనబడుతుందో నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

“అయితే ఇదన్నమాట నీ ఘనకార్యం” అన్నాను. వెటకారం నా నోటికి అలవాటు, ఏడుపొచ్చినా అదే వస్తుంది. “నన్ను క్షమించేసి స్వర్గానికి పోదామనుకున్నావు. క్షమించేశావు కదా, అయిపోయిందిగా?”

“లేదు బావా.”

నేను తలెత్తి చూశాను.

“క్షమించలేదు. అదే చేద్దామనుకున్నా, ఈ కాలంలో. రావట్లేదు” అన్నాడు వాడు, చేతిలో గుడ్డ మడత పెడుతూ. “మొదట్లో నీ ముక్కలు కొలుస్తుంటే చేతులు వణికేవి. నిన్ను బజారున పడెయ్యాలంటే ఊరుకుంటే చాలు, పెద్దాయనకి తెలిసిపోతుంది. ఊరుకుందామని రోజూ అనిపించేది. పూజలో కూర్చుని అదే చెప్పేవాణ్ణి, దేవుడా, ఇవాళ ఒక్కరోజు దిద్దుతా, రేపు మాత్రం నావల్ల కాదని. అలా ఒక్కోరోజే దిద్దా. ఇప్పుడు చేతులు వణకట్లేదు. అంతవరకే వచ్చింది.”

“మరి మిగతాది?”

“కోపం సగం అలాగే ఉంది బావా. ఇందాక నువ్వు వెధవ అన్నప్పుడు మొత్తం తిరిగొచ్చేసింది కూడా. అబద్ధం ఎందుకు?” అని కోసిపడేసిన అంచుల్ని చేత్తో పోగుచేశాడు. “కాలం ఇంకా ఉందిగా. ఎనిమిది ఆదివారాలున్నాయి.”

అని మళ్ళీ బల్ల వైపు తిరిగి పని చేసుకోసాగాడు. ఎనిమిది ఆదివారాలంట! పదకొండేళ్ళ సంగతి ఎనిమిది పచ్చ ఆదివారాల్లో తేల్చేస్తాడంట, కాజాలవాడు! నవ్వుదామని నోరు తెరిచాను. నవ్వు రాలేదు. స్టూలు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, ఈ ఆదివారంతో మొదలుపెట్టి, వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.